పేలుడైతే ఒక తీరు, కాల్పులైతే మరో తీరు: బహిరంగ దాడుల్లో తొలి నిమిషాలు

సంక్షిప్తంగా: జనం మధ్య దాడి జరిగితే ‘పరుగెత్తు, దాక్కో, ఎదిరించు’ అనే అమెరికా సూత్రం ఫోన్లలో బాగా తిరుగుతోంది. అది తుపాకీ దాడుల కోసం తయారైనది. హైదరాబాద్ చవిచూసినవి ఎక్కువగా బాంబు పేలుళ్లు. ఈ రెండింటిలో ప్రమాదం వచ్చే దారి వేరు, తప్పించుకునే దారీ వేరు. రెండింటికీ సమానంగా వర్తించేది ఒకటుంది. పోలీసులు, అంబులెన్సు చేరేలోపు గడిచే నిమిషాల్లో అక్కడున్న మామూలు మనుషులు చేసే పనుల మీదే చాలా ప్రాణాలు ఆధారపడతాయి.

2007 ఆగస్టు 25 శనివారం సాయంత్రం లుంబినీ పార్కులో లేజర్ షో నడుస్తుండగా మొదటి బాంబు పేలింది. కొద్ది నిమిషాలకే కోఠిలోని గోకుల్ చాట్ దగ్గర రెండోది పేలింది. దిల్‌సుఖ్‌నగర్‌లో పెట్టిన ఇంకో బాంబు పేలకుండానే దొరికింది. మొత్తం 40 మందికి పైగా చనిపోయారు. ఐదున్నరేళ్ల తర్వాత, 2013 ఫిబ్రవరి 21న, అదే దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు అమర్చిన రెండు బాంబులు ఒకదాని వెంట ఒకటి పేలాయి. ఎన్‌ఐఏ లెక్క ప్రకారం మృతులు 18 మంది. ఈ ఘటనల్లో పరుగెత్తి తప్పించుకోవడానికి ఎదురుగా తుపాకీ పట్టిన మనిషి లేడు. బాంబు పెట్టినవాడు పేలుడుకు ముందే వెళ్లిపోయాడు.

2023 మే 6న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, ఆలెన్‌లోని ఓ షాపింగ్ మాల్‌లో జరిగింది వేరు. అక్కడ ఒకే దుండగుడు కాల్పులు జరిపి ఎనిమిది మందిని చంపాడు. వారిలో హైదరాబాద్‌కు చెందిన యువ ఇంజినీరు ఒకరు. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్ సమీపంలోని బైసరన్ మైదానంలో ముష్కరులు 26 మందిని కాల్చి చంపారు. మృతుల్లో ఆంధ్రప్రదేశ్ వాసులూ ఉన్నారు. పిల్లలు డాలస్‌లో, తల్లిదండ్రులు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న తెలుగు కుటుంబాలు నేడు ఎన్నో. వారికి ఈ రెండు రకాల దాడులూ దూరపు వార్తలు కావు.

తుపాకీ దాడి: దూరం, గోడ, గడియ

‘పరుగెత్తు, దాక్కో, ఎదిరించు’ 2012లో హ్యూస్టన్ నగర పాలక సంస్థ విడుదల చేసిన ఓ శిక్షణ వీడియోతో బాగా వ్యాప్తిలోకి వచ్చింది. బ్రిటన్ మూడేళ్ల తర్వాత దీన్ని తీసుకుని చివరి మాట మార్చింది. ‘ఎదిరించు’ పోయి ‘తెలియజెయ్’ వచ్చింది. మొదటి రెండూ రెండు దేశాల్లోనూ ఒకటే. కాల్పులు జరిపేవాడు కంటికి కనిపించిన వాళ్లనే కాల్చగలడన్నది వాటి వెనకున్న లెక్క. దూరం పెరిగేకొద్దీ గురి తప్పుతుంది. మూల తిరిగితే మనిషి కనిపించడు. తలుపు మూసి ఉంటే లోపలికి రావడానికి సమయం పడుతుంది, ఆ సమయం అతని దగ్గర తక్కువ.

ఆ సమయం ఎంత తక్కువో ఎఫ్‌బీఐ పరిశీలన చూపిస్తుంది. 2000 నుంచి 2013 వరకు అమెరికాలో జరిగిన 160 కాల్పుల ఘటనలను ఆ సంస్థ పరిశీలించింది. ఎంతసేపు సాగాయో నిర్ధారించగలిగిన 63 ఘటనల్లో 44 ఐదు నిమిషాల్లోపే ముగిశాయి. వాటిలో 23 రెండు నిమిషాలు కూడా దాటలేదు. ఎంత చురుకైన పోలీసు వ్యవస్థ అయినా సమాచారం అంది, బయల్దేరి, చేరేసరికి చాలావరకు జరగాల్సింది జరిగిపోతుందన్నమాట. అదే నివేదికలో మరో అంకె ఉంది. 160లో 21 ఘటనల్లో నిరాయుధులైన పౌరులే దుండగుణ్ని అడ్డుకున్నారు. ‘ఎదిరించు’ను పూర్తిగా కొట్టిపారేయలేకపోవడానికి కారణం ఇదే. అయినా అది వేరే దారి మిగలనప్పటి మాట, మొదటి ఎంపిక కాదు.

2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో 32 మంది హతులయ్యారు. నోరిస్ హాల్ రెండో అంతస్తులో పక్కపక్క తరగతి గదుల్లో ఫలితాలు పూర్తిగా వేరుగా ఉన్నాయి. 205వ గదిలో విద్యార్థులు పెద్ద బల్లను తలుపుకు అడ్డం పెట్టి, నేలకు ఆనుకుని దాన్ని గట్టిగా నెట్టి పట్టుకున్నారు. దుండగుడు తలుపులోంచి కాల్చాడు గానీ లోపలికి రాలేకపోయాడు. ఆ గదిలో ఒక్కరికీ గాయం కాలేదు. 204వ గదిలో ఆచార్యుడు లివియు లిబ్రెస్కు తలుపును అడ్డుకుని నిలబడ్డాడు, విద్యార్థులు కిటికీల్లోంచి దూకారు. ఆయన ప్రాణం పోయింది, చాలామంది విద్యార్థులు బతికారు. అడ్డుపెట్టిన తలుపుకు అంత విలువ ఉంది.

ఇలాంటిదే మన దేశంలో 2008 నవంబరు 26 రాత్రి ముంబైలోని కామా ఆసుపత్రిలో జరిగింది. ముష్కరులు ఆవరణలోకి రావడం చూసిన నర్సు అంజలి కుల్తే, తన వార్డులోని 20 మంది గర్భిణులను ఓ చిన్న వంటగదిలోకి చేర్చి, తలుపులు మూసి, దీపాలు ఆర్పేశారు. వాళ్లంతా బతికారు. ఆ గదికి ప్రత్యేక భద్రతేమీ లేదు. ఖాళీగా, చీకటిగా కనిపించడమే దాని రక్షణ.

ఈ సూత్రానికి ఆచరణలో పెద్ద అడ్డంకి మొదటి శబ్దం దగ్గరే వస్తుంది. తుపాకీ మోత విన్నవాళ్లు చాలాసార్లు దాన్ని టపాసులనుకుంటారు. తాజ్ హోటల్లోనూ, పారిస్ బతక్లాన్ హాల్లోనూ, లాస్ వేగాస్ సంగీత కచేరీలోనూ ప్రాణాలతో బయటపడ్డవారు చెప్పింది ఇదే. పెళ్లి బారాత్ వెళ్లినా, క్రికెట్ మ్యాచ్ గెలిచినా టపాసులు పేలే మన ఊళ్లలో ఈ పొరపాటుకు అవకాశం మరీ ఎక్కువ. అందుకే శిక్షణ ఇచ్చేవాళ్లు ఒకే మాట నొక్కి చెబుతారు. అనుమానం వస్తే కదిలిపోవాలి, నిర్ధారణ కోసం ఆగకూడదు. తీరా టపాసులే అయితే పోయేది కాసేపటి పరువే.

కదిలేటప్పుడు బ్యాగులు, చెప్పులు వెతుక్కోకూడదు. లిఫ్టు ఎక్కకూడదు. దాక్కోవాల్సి వస్తే గడియ పెట్టి, బరువైన సామాను అడ్డం జరిపి, తలుపుకు ఎదురుగా కాకుండా పక్క గోడ వైపు ఉండాలి. పలుచని చెక్క తలుపు, కారు డోరు కంటిని మరుగుపరుస్తాయి గానీ తూటాను ఆపవు. ఇటుక గోడ, కాంక్రీటు స్తంభం, కారు ఇంజను ఉన్న భాగం కొంత ఆపగలవు. ఫోను సైలెంట్‌లో పెట్టడమే కాదు, వైబ్రేషన్ కూడా తీసేయాలి.

పోలీసులు వచ్చాక మరో చిక్కు ఉంది. వాళ్లకు ఎవరు ఎవరో తెలియదు. చేతిలో ఫోను కూడా ఆయుధంలా కనిపించవచ్చు కాబట్టి చేతులు ఖాళీగా, కనిపించేలా ఉంచాలి. మొదట వచ్చే బృందం గాయపడ్డవాళ్లను దాటుకుని ముందుకు వెళ్తుంది. అది నిర్లక్ష్యం కాదు, దుండగుణ్ని ఆపడం వాళ్ల మొదటి పని. 1999లో కొలంబైన్ పాఠశాల బయట పోలీసులు ప్రత్యేక దళం కోసం ఎదురుచూడటం తీవ్ర విమర్శలకు దారితీసిన తర్వాత అమెరికాలో ఈ పద్ధతి స్థిరపడింది. అయినా 2022లో టెక్సాస్‌లోని ఉవాల్డే పాఠశాలలో పోలీసులు 77 నిమిషాలు ఆగిపోయారు. 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు చనిపోయారు.

బాంబు పేలుడు: జనం గుమిగూడటమే ముప్పు

పేలుడు విషయంలో లెక్క తలకిందులవుతుంది. మొదటి బాంబు పేలిన క్షణంలో చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. చేయగలిగిందంతా ఆ తర్వాతి నిమిషాల్లోనే ఉంది. మన సమాజపు సహజ స్వభావం కొంత ప్రమాదకరంగా మారేది కూడా అక్కడే. పెద్ద శబ్దం వినగానే చుట్టుపక్కల వీధుల్లోంచి జనం పరుగెత్తుకొస్తారు. కొందరు సాయం చేయడానికి, కొందరు చూడటానికి, ఇప్పుడైతే కొందరు వీడియో తీయడానికి.

దాడి చేసేవాళ్లకు ఈ అలవాటు తెలుసు. 2002 అక్టోబరు 12న బాలిలో మొదటి బాంబు ఓ పబ్బులో పేలింది. లోపలివాళ్లు ప్రాణభయంతో వీధిలోకి వచ్చేశాక, అక్కడ ఆపి ఉంచిన వ్యానులోని చాలా పెద్ద బాంబు పేలింది. 202 మంది చనిపోయారు. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో మరింత క్రూరమైన పథకం అమలైంది. నగరంలో వరుసగా బాంబులు పేలాయి. గాయపడ్డవారిని, వారి వెంట వచ్చిన బంధువులను చేర్చుకుంటున్న ఆసుపత్రుల దగ్గర ఆ తర్వాత పేలుళ్లు జరిగాయి. సాయం వెళ్లే దారినే లక్ష్యంగా ఎంచుకున్నారు. ఆ రోజు మొత్తం 56 మంది ప్రాణాలు కోల్పోయారు.

కాబట్టి పేలుడు తర్వాత మొదటి ప్రశ్న ‘ఇంకొకటి ఎక్కడుంది’ అన్నదే. నడవగలిగినవాళ్లు అక్కడి నుంచి దూరంగా, పేలుడు చోటు కంటికి కనిపించనంత దూరం వెళ్లాలి. కంటికి కనిపించని చోటే ఎందుకంటే, బాంబు పీడనం దూరంతో పాటు వేగంగా తగ్గిపోతుంది గానీ, అందులో నింపిన మేకులు, బాల్ బేరింగులు, పగిలిన గాజు చాలా దూరం ఎగురుతాయి. మధ్యలో గట్టి గోడ ఉంటే అవి ఆగుతాయి. పార్క్ చేసిన వాహనాలు, చెత్తకుండీలు, గాజు అద్దాల దుకాణాల పక్కన గుమిగూడకూడదు. మళ్లీ పేలితే నేలమీద బోర్లా పడుకుని తల కాపాడుకోవాలి.

వెళ్లేటప్పుడు తొక్కిసలాట భయం కూడా ఉంటుంది. అయితే ‘జనం పిచ్చెక్కినట్టు ఒకరినొకరు తొక్కుకుంటారు’ అన్న నమ్మకాన్ని పరిశోధనలు పెద్దగా బలపరచలేదు. 2005 జులై 7 లండన్ పేలుళ్ల నుంచి బయటపడ్డవారిని ఇంటర్వ్యూ చేసిన బ్రిటిష్ సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్తలు, చీకటి సొరంగాల్లో అపరిచితులే ఒకరికొకరు నీళ్లిచ్చి, గాయాలకు కట్లు కట్టి, చేయి పట్టి నడిపించిన ఉదాహరణలను ఎక్కువగా నమోదు చేశారు. తొక్కిసలాటలకు కారణం చాలాసార్లు జనం మనసు కాదు, ఇరుకు దారి, తాళం వేసిన గేటు. ఫంక్షన్ హాళ్లలో, థియేటర్లలో ‘టికెట్ లేనివాళ్లు దూరకుండా’ వెనక గేటుకు గొలుసు వేసే అలవాటు ఈ కోణంలో చూస్తే ఏ బాంబుకూ తక్కువ కాదు.

గాయం కనిపించకపోయినా పేలుడుకు దగ్గర్లో ఉన్నవాళ్లు ఆసుపత్రికి వెళ్లాల్సిందే. పేలుడు పీడనం ఊపిరితిత్తులను, చెవిపొరను, పేగులను లోపల దెబ్బతీస్తుంది. చెవుల్లో హోరు, ఊపిరి ఆడకపోవడం, కడుపునొప్పి కొన్ని గంటల తర్వాత కూడా బయటపడవచ్చు. మరో సంగతి, పేలుడు జరిగిన చోటికి అతి దగ్గరి ఆసుపత్రికి మొదట చేరేది నడవగలిగిన చిన్న గాయాలవాళ్లే. ప్రాణాపాయంలో ఉన్నవాళ్లు ఆలస్యంగా వచ్చేసరికి పడకలు నిండిపోతాయి. చిన్న గాయాలవాళ్లు కాస్త దూరంలోని ఆసుపత్రిని ఎంచుకోవడం కూడా ఒక సాయమే.

వాహనంతో జనం మీదికి దూసుకొచ్చే దాడి (2016లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో 86 మంది మృతి), కత్తి దాడి (2024 ఏప్రిల్‌లో సిడ్నీ మాల్‌లో ఆరుగురు మృతి) ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. వాహనం వచ్చే దారి నుంచి పక్కకు తప్పుకుని, మెట్లు లేదా స్తంభాల వెనక్కి వెళ్లాలి. కత్తి ఉన్నవాడి నుంచి దూరం, మధ్యలో కుర్చీ, ట్రాలీ వంటి అడ్డు చాలావరకు కాపాడతాయి.

దాడికి ముందు: తనిఖీ ఎక్కడ ఆగుతుందో

మాల్ ప్రవేశద్వారం దగ్గర మెటల్ డిటెక్టరు, బ్యాగు తనిఖీ ఇప్పుడు మామూలైపోయాయి. వాటివల్ల ప్రయోజనం ఉంది, కానీ ఒక దుష్ఫలితమూ ఉంది. తనిఖీ కోసం నిలబడ్డ వరుస కూడా జనసమూహమే, అది తనిఖీ పరిధికి బయట ఉంటుంది. 2016లో బ్రస్సెల్స్ విమానాశ్రయంలో పేలుళ్లు జరిగింది భద్రతా తనిఖీకి ముందుండే చెకిన్ హాలులోనే. 2017 మే 22న మాంచెస్టర్ అరీనాలో ఆత్మాహుతి బాంబర్ కచేరీ హాల్లోకి వెళ్లలేదు, ప్రేక్షకులు బయటికొచ్చే చోట నిలబడ్డాడు. 22 మంది చనిపోయారు. గోకుల్ చాట్, దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు లాంటి చోట్లయితే తనిఖీ అన్న మాటే ఉండదు.

అలాంటప్పుడు మిగిలేది అక్కడి మనుషుల కన్ను. వదిలేసిన ప్రతి సంచీ బాంబు కాదు. రైల్వే స్టేషన్లలో రోజూ వందలు మర్చిపోతారు. బ్రిటన్ రైల్వే పోలీసులు వాడే పద్ధతిలో చూడాల్సినవి మూడు. వస్తువును కావాలని దాచినట్టుందా, తీగలో టేపులో కనిపిస్తూ అనుమానాస్పదంగా ఉందా, ఆ చోట మామూలుగా ఉండే వస్తువేనా. అనుమానం నిలిస్తే ముట్టుకోకూడదు, దాని పక్కన నిలబడి ఫోను చేయకూడదు. దూరం జరిగాక 112కు చెప్పాలి. 26/11 తర్వాత ముంబై సీఎస్‌టీ స్టేషన్లో ప్రయాణికులు వదిలేసిన సామాన్ల కుప్పలో పేలని బాంబు దొరికింది దాదాపు వారం తర్వాత, డిసెంబరు 3న.

అనుమానం వస్తువు మీద, ప్రవర్తన మీద ఉండాలి గానీ మనిషి వేషం మీద, పేరు మీద కాదు. ఇది మర్యాద కోసం చెప్పే మాట మాత్రమే కాదు. 2007 మేలో మక్కా మసీదు పేలుడు తర్వాత హైదరాబాద్‌లో అరెస్టయిన పలువురు యువకులు చివరికి నిర్దోషులుగా బయటపడ్డారు. తప్పు దిశలో పోయిన ప్రతి రోజూ అసలు దర్యాప్తుకు నష్టమే.

ఒంటరి దుండగుల విషయంలో ముందస్తు సంకేతాలు ఇంకా స్పష్టంగా ఉంటాయి. అమెరికా సీక్రెట్ సర్వీస్ 2002లో పాఠశాల దాడులపై ఇచ్చిన నివేదిక ప్రకారం, పరిశీలించిన 37 ఘటనల్లో 81 శాతం వాటిలో దుండగుడి ఆలోచన కనీసం ఒక్కరికైనా ముందే తెలుసు. ఎక్కువగా తెలిసింది స్నేహితులకు, తోటి విద్యార్థులకు. వాళ్లు చెప్పకపోవడానికి కారణాలు ఏ దేశంలోనైనా ఒకటే: ‘ఊరికే అంటున్నాడులే’ అన్న నమ్మకం, చెబితే గొడవలో ఇరుక్కుంటామన్న భయం.

నెత్తురు ఆపడం: అంబులెన్సు కన్నా ముందు

తొడ, చేయి దగ్గర పెద్ద రక్తనాళం తెగితే మనిషి కొద్ది నిమిషాల్లో చనిపోవచ్చు. 108 ఎంత వేగంగా వచ్చినా ఆ వేగం అందదు, పైగా దాడి కొనసాగుతున్న చోటికి అంబులెన్సును పోలీసులు వెంటనే వదలరు. మాంచెస్టర్‌పై జరిగిన బహిరంగ విచారణ ఈ ఖాళీని విడమరిచి చూపించింది. పేలుడు జరిగిన హాల్లోకి మొదటి 40 నిమిషాల్లో వెళ్లింది ఒకే ఒక్క పారామెడిక్. అగ్నిమాపక సిబ్బంది రెండు గంటలకు పైగా ఆలస్యంగా వచ్చారు. కాళ్లు దెబ్బతిన్న ఒక యువకుడికి పక్కనే ఉన్న ఓ వ్యక్తి తన భార్య బెల్టు తీసి తొడకు బిగించాడు. సకాలంలో వైద్యం అంది ఉంటే ఆ యువకుడు బహుశా బతికి ఉండేవాడని విచారణ తేల్చింది.

దీనికి భిన్నంగా, 2013లో అమెరికాలోని బోస్టన్ మారథాన్ పేలుళ్లలో ముగ్గురు అక్కడికక్కడే చనిపోయారు, 260 మందికి పైగా గాయపడ్డారు. కాళ్లు పోయినవారు కూడా ఉన్నారు. కానీ ఆసుపత్రికి చేరిన వారిలో ఒక్కరూ చనిపోలేదు. పరుగు పందెం కోసం వైద్య శిబిరం పక్కనే ఉండటం, అక్కడున్నవాళ్లు దొరికిన గుడ్డలతోనే నెత్తురు ఆపడం దీనికి దోహదం చేశాయి. ‘నెత్తురు ఆపండి’ పేరుతో పౌరులకు శిక్షణ ఇచ్చే జాతీయ కార్యక్రమం అమెరికాలో 2015లో మొదలైంది.

పద్ధతి కష్టమైనది కాదు. చిమ్ముతున్న గాయం మీద శుభ్రమైన గుడ్డ, కండువా, చున్నీ ఏదైనా పెట్టి రెండు చేతులతో, ఒంటి బరువంతా వేసి నొక్కాలి. మధ్యలో తీసి చూడకూడదు. లోతైన గాయమైతే గుడ్డను లోపలికి కుక్కి నొక్కాలి. చేయి, కాలు దగ్గర నెత్తురు ఆగకపోతే గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద పడకుండా, వెడల్పు గుడ్డ కట్టి, ముడిలో గట్టి కర్ర దూర్చి నెత్తురు ఆగేదాకా మెలితిప్పాలి. బెల్టును చేత్తో లాగి బిగిస్తే సాధారణంగా సరిపోదు. సగం బిగిసిన కట్టు సిరల్ని మూసి ధమనుల్ని వదిలేస్తుంది, దాంతో రక్తస్రావం పెరగొచ్చు. కట్టిన టైము రాసిపెట్టి, ఆసుపత్రిలో తప్ప విప్పకూడదు. పసుపు, కాఫీ పొడి చల్లడం, నీళ్లు తాగించడం వద్దు.

పోలీసు కేసు భయంతో ఆసుపత్రులు వెనకాడటం పాత సమస్య. పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది. ప్రభుత్వ, ప్రైవేటు అన్న తేడా లేకుండా ప్రతి వైద్యుడూ ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు లాంఛనాలు తర్వాత.

ఫోను, టీవీ, పుకారు

26/11 దాడుల్లో పాకిస్తాన్‌లో కూర్చున్న సూత్రధారులు భారతీయ టీవీ చానళ్ల ప్రత్యక్ష ప్రసారాలు చూస్తూ, హోటళ్లలోని ముష్కరులకు ఫోన్లో సూచనలు ఇచ్చారు. కసబ్ కేసులో 2012 ఆగస్టు తీర్పులో సుప్రీంకోర్టు ఈ ప్రసారాలను తీవ్రంగా తప్పుబట్టింది. ఉగ్రవాద నిరోధక చర్యల ప్రత్యక్ష ప్రసారాన్ని నిషేధిస్తూ కేంద్రం 2015లో కేబుల్ టీవీ నిబంధనలను సవరించింది. ఇప్పుడు ఆ నిషేధం చానళ్లకే పరిమితం. నాలుగో అంతస్తులో దాక్కున్నవాళ్ల బంధువు ‘మా వాళ్లు అక్కడున్నారు, కాపాడండి’ అని పోస్టు పెడితే అదీ ప్రత్యక్ష ప్రసారమే. ఆ సమాచారం పోలీసులకు చెప్పాలి, బయట కాదు.

దాడి జరిగాక నెట్‌వర్కు రద్దీతో కాల్స్ కలవవు. ఎస్సెమ్మెస్ వెళ్లే అవకాశం ఎక్కువ. ‘క్షేమం, ఫలానా చోట ఉన్నా’ అన్న ఒక్క మెసేజి ఇంట్లో ఒకరికి పంపి, మిగతావారికి వారితో చెప్పించడం మేలు.

ఆ తర్వాతి వారాలు

బోస్టన్ పేలుళ్ల తర్వాత జరిగిన ఓ అధ్యయనం ఊహించని విషయం బయటపెట్టింది. ఆ వారంలో రోజుకు ఆరు గంటలకు పైగా దాడి వార్తలు చూసినవారిలో కనిపించిన తీవ్ర ఒత్తిడి, స్వయంగా అక్కడున్నవారిలో కన్నా ఎక్కువ. పిల్లలున్న ఇంట్లో అవే దృశ్యాలు తిరిగి తిరిగి వేసే టీవీని కట్టేయడం చిన్న విషయం కాదు.

నిద్ర పట్టకపోవడం, శబ్దానికి ఉలిక్కిపడటం, ఆ చోటికి వెళ్లడానికి భయపడటం మొదటి వారాల్లో సహజం. చాలామందిలో తగ్గిపోతాయి. బాధితులను కూర్చోబెట్టి ‘జరిగిందంతా చెప్పు’ అని ఒకేసారి బయటికి లాగే పద్ధతి మేలు చేస్తుందని ఆధారాలు లేవు, కొందరిలో హాని చేసినట్టు కూడా తేలింది. తోడుండటం, తిండి, నిద్ర చూడటం, అడిగితే వినడం సరిపోతాయి. నెల దాటినా తగ్గకపోతే వైద్య సాయం కావాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416లో తెలుగులోనూ మాట్లాడొచ్చు.

పరిహారం విషయంలో కుటుంబాలు ఎక్కువగా ఇబ్బంది పడేది కాగితాల దగ్గరే. ఎఫ్‌ఐఆర్ నకలు, ఆసుపత్రి డిశ్చార్జి పత్రం, మరణం సంభవిస్తే పోస్టుమార్టం నివేదిక మొదటి రోజుల్లోనే తీసి ఉంచుకోవాలి. రాష్ట్ర పరిహార పథకం కింద దరఖాస్తుకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది.

రెండు చట్టాలు

దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు జరిగిన 2013లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రతా చట్టం తెచ్చింది. ఒకేసారి 100 మందికి పైగా వచ్చే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టుకుని, దృశ్యాలు భద్రపరచాలన్నది దాని ప్రధాన నిబంధన. హైదరాబాద్ కెమెరాల నగరంగా మారడానికి ఇది ఒక పునాది. దర్యాప్తులకు ఆ కెమెరాలు బాగా ఉపయోగపడ్డాయి. కానీ వాటి పని దాడి తర్వాత మొదలవుతుంది.

మాంచెస్టర్ తర్వాత బ్రిటన్ వేరే దారి పట్టింది. ఆ దాడిలో మరణించిన ఓ యువకుడి తల్లి ఏళ్ల తరబడి చేసిన ప్రచారం ఫలితంగా 2025 ఏప్రిల్‌లో కొత్త చట్టం వచ్చింది. 200 మందికి పైగా వచ్చే ప్రదేశాల యాజమాన్యాలు జనాన్ని ఎలా బయటికి పంపాలి, ఎప్పుడు లోపలే ఉంచి తలుపులు మూయాలి, ఎలా హెచ్చరించాలి అన్న ప్రణాళికను సిబ్బందికి నేర్పి ఉంచాలని అది కోరుతుంది. 800 దాటితే బాధ్యతలు మరింత కఠినం. సిద్ధం కావడానికి కనీసం 24 నెలల గడువు ఇచ్చారు. తెలుగు రాష్ట్రాల్లో సగటు ఫంక్షన్ హాలు ఈ రెండో వరుసకే వస్తుంది. అక్కడ పెళ్లి రోజున వెనక గేటు తాళం ఎవరి దగ్గరుందో మేనేజరుకు కూడా చాలాసార్లు తెలియదు.